దావీదు గడ్డపార

నా దగ్గర ఒకరి గడ్డపార ఉండిపోయింది. వస్తువుగా కాదు. ఆ ఇనుము ఎవరి కొట్టంలోనో తుప్పుపట్టి పడి ఉంటుంది. దాని బరువు మాత్రం నా దగ్గరే ఉంది. ఆ బరువుతోనే ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని బళ్లో వేశాను, నలుగురిలో కూర్చుని నవ్వాను. ఇన్నేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టి నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి కాస్త తేలికపడేవాణ్నేమో.

మీకెందుకు చెబుతున్నానంటే, మీరు మా ఊరివాళ్లు కారు. మా ఊళ్లో చెప్పే దమ్ముంటే మీతో నాకు పనేముంది? నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. ధర్మవరం నుంచి చెన్నేకొత్తపల్లి పోయే దారిలో ఎక్కడో అనుకోండి. చూశారా, ఒప్పుకుంటానని కూర్చుని కూడా దాక్కుంటున్నాను. నా తీరే అంత. అది కూడా మీకు ముందే తెలియడం మంచిది.

మా ఊరికి పడమట ఒక కొండ ఉంది. పెద్దదేం కాదు. చెట్టూ చేమా తక్కువ, బండలు ఎక్కువ. పైన పక్కపక్కనే రెండున్నాయి. ఒకటి దొరరాయి. తెల్లదొరల కాలంలో భూమి కొలిచేవాళ్లు పాతిన సర్వే రాయి అది. నాలుగు పలకలుగా చెక్కి, నెత్తిన ఒక సున్నా గీసి, సున్నా నడుమ చిన్న గుంత తొలిచారు. చుట్టూ రాళ్లు పేర్చి కట్ట కట్టారు. సర్కారు రాయి కదా అని దాన్ని ఎవరూ కదిలించరు. దాని పక్కనే రెండోది, పాశెం బండ.

వానలు మొహం చాటేసిన ఏడాది మా ఊళ్లో వరద పాశెం చేస్తారు. ఇంటింటికీ తిరిగి బెల్లం, నూకలు అడుక్కుని, నీళ్ల కుండలు మోసుకుని కొండెక్కుతారు. పైనే వండుతారు. ఉడికిన పాశెం తీసుకుపోయి నేరుగా ఆ బండ మీద పోస్తారు. ఆకు ఉండదు, గిన్నె ఉండదు. చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నాలుకతో నాకాలి. మనిషి అంత కిందికి దిగితే తప్ప వానదేవుడికి జాలి పుట్టదని మావాళ్ల నమ్మకం. ఆ పూట పెద్దా చిన్నా లేదు, అందరూ పశువుల్లా వంగాల్సిందే.

పెద్దా చిన్నా లేదన్నాను కదా. అదీ పూర్తి నిజం కాదు. బండ కొంచెం వాలుగా ఉంటుంది. మేము పై అంచున వంగేవాళ్లం. దావీదు వాళ్లు కింది అంచున.

దావీదు నా ఈడువాడు. వాళ్ల ఇళ్లు ఊరవతల. ఆదివారం చర్చికి పోయేవాళ్లు, కరువొస్తే కట్టెలు మోసుకుని మాతో కొండెక్కేవాళ్లు. తొంభైల్లో ఊరి బళ్లో ఇద్దరం ఒకే తరగతి. సెలవొస్తే కొండమీదే ఉండేవాళ్లం. దొరరాయి మీద ఒకరి తర్వాత ఒకరు నిలబడి, దూరంగా పెనుకొండ కోట కొండ కనిపిస్తోందా లేదా అని పోట్లాడుకునేవాళ్లం. నేను వాణ్ని 'రా' అనేవాణ్ని. వాడు నన్ను మర్యాదగా 'అప్పా' అనేవాడు. ఒకే వయసు, ఒకే తరగతి, ఒకే అయివారి చేతి దెబ్బలు. అయినా ఆ తేడా అప్పట్లో నా చెవిన పడనే లేదు. గాలి పీల్చినట్టు అలవాటైపోయింది.

ఒక ఏడాది పాశెం నాకుతుంటే వాడు కింది నుంచి తలెత్తి, "అప్పా, ఈడికి రాల్యా. కొంచిం ఊదప్పా" అన్నాడు. నేను బుగ్గలు పొంగించి ఊదాను. పాశెం వాలుకు జారి వాడి ముక్కు దాకా పోయింది. ఇద్దరం పకపకా నవ్వాం. దేవుడి పనిలో ఆటలేంది అని మా నాయన నా వీపు మీద ఒకటిచ్చాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

పది తర్వాత దావీదు రాయి పనిలో పడ్డాడు. బావులు తవ్వడం, ఇళ్ల పునాదులకు బండలు లేపడం. వాడికొక గడ్డపార ఉండేది. మధ్యలో విరిగితే పెనుకొండలో అతుకు వేయించాడు. ఆ అతుకు దగ్గర కణుపులా ఉబ్బెత్తుగా ఉండేది. ఊళ్లో సగం గుంతలు దానితో తీసినవే. ఎవరు అడిగినా ఇచ్చేవాడు, కాబట్టి చూసిన ఎవరైనా అది దావీదుదేనని గుర్తుపడతారు.

నేను చదువు పేరుతో పెనుకొండ, అనంతపురం తిరిగి చివరికి బెంగళూరులో ఒక కంప్యూటర్ కంపెనీలో తేలాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా ఆఫీసులో ఒకాయన ఏదో పని మీద విదేశం పోయి, అరచేతిలో పట్టే జీపీఎస్ పరికరం ఒకటి తెచ్చాడు. దాంతోపాటు ఒక ఆట కూడా తెచ్చాడు. జియోకాషింగ్. ఎక్కడో ఒకచోట ఒక డబ్బా దాచాలి. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం ఇంటర్నెట్‌లో పెట్టాలి. తెలియనివాళ్లు ఎవరో ఆ అంకెలు పట్టుకుని, ఆ పరికరం చూపించిన దారిలో వచ్చి, డబ్బా కనిపెట్టి, అందులోని కాగితం మీద పేరు రాసి, మళ్లీ ఉన్నచోటే పెట్టేసి పోవాలి. అంతే ఆట. గెలిస్తే ఏమొస్తుంది? ఏమీ రాదు. కనిపెట్టామన్న సంతోషం ఒక్కటే.

వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైనవి కొండల మీది పాత సర్వే రాళ్లు. ఒకరోజు భోజనాల దగ్గర అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. అంతదాకా నేను వాళ్ల మధ్య నోరు తెరిచింది తక్కువ. నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. ఆరోజు మాత్రం, "మా ఊరి కొండ మీద ఉంది అట్లాంటిది" అన్నాను. అందరి చేతులూ కంచాల్లోనే ఆగాయి. అందరూ నావైపు తిరిగారు. అంతమంది అంత శ్రద్ధగా నా మొహం చూడటం అదే మొదటిసారి. ఆ చూపుల రుచి నాలుకకు తగిలింది. పాడు రుచి. పరికరం అడిగి తీసుకుని ఆ శనివారమే రైలెక్కాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆదివారం పొద్దున్నే దావీదు ఇంటికి పోయాను. వాడు చర్చికి పోవడానికి తల దువ్వుకుంటున్నాడు. గడ్డపార కావాలన్నాను. దేనికని వాడు అడగలేదు. నేనే చెప్పాను. చేనికి కంచె వేస్తున్నాం, గుంజలకు గుంతలు తీయాలని. వాడు అడగకపోయినా ఎందుకు చెప్పాను? ఆట గురించి చెబితే వాడికి అర్థం కాదనుకున్నానా? కాదు. డబ్బాలు దాచుకునే ఆట కోసం ఎండలో కొండెక్కుతున్నానంటే వాడు నవ్వుతాడనుకున్నాను. వాడి ముందు కూడా పరువు కావాలి నాకు. "తీసకపోప్పా, నీకన్నానా" అని గోడకు ఆనించిన గడ్డపార చేతికిచ్చాడు.

పైకి పోయి చోటు వెతికాను. పాశెం బండ ఒక మూల పై పొర కొంచెం లేచి, కింద సందు ఉంది. ఆ సందు ఇంకొంచెం పెద్దదయితే డబ్బా భేషుగ్గా పడుతుంది. గడ్డపార మొన దూర్చి తిప్పాను. కదల్లేదు. ఇంకాస్త బలం వేశాను. ఠప్పుమని ఒక చప్పుడు. పొర అడ్డంగా చీలి, మూల నుంచి నడుమ దాకా పగులు పాకింది.

ఒక్క క్షణం ఆ పగులు మీద అరచేయి పెట్టి నొక్కాను, అదేదో అతుక్కుంటుందన్నట్టు. ఇంతలో అవతలి వాలు నుంచి మేకల గంటలు, ఎవరో అదిలిస్తున్న కేక వినిపించాయి. డబ్బాను దొరరాయి కట్టలో రెండు రాళ్లు తీసి లోపలికి తోసి, రాళ్లు మళ్లీ పెట్టేశాను. గడ్డపార చేతిలో ఉంటే దొరికిపోతానని పక్కన తంగేడు పొదలోకి విసిరేసి, ఇవతలి వైపు దిగి వచ్చేశాను. తర్వాత వచ్చి తీసుకుందామనుకున్నాను. మధ్యాహ్నం ధర్మవరంలో రైలెక్కేశాను. రైలు కదిలేసరికి భయం సగం పోయింది. బెంగళూరు చేరేసరికి మొత్తం పోయింది. అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టేశాను.

ఆ తర్వాత రెండుమూడుసార్లు ఊరికి వచ్చాను. గడ్డపార కోసం కొండెక్కలేదు. ఒకసారి ఎండగా ఉందనుకున్నాను, ఒకసారి కాళ్లు నొప్పులనుకున్నాను. దావీదు కనపడ్డాడు. గడ్డపార మాటే ఎత్తలేదు. పని కోసం వాళ్ల మామ దగ్గర ఇంకొకటి తెచ్చుకున్నాడంట. నా దగ్గరున్నది ఎక్కడికి పోతుందిలే అనుకుని ఉంటాడు.

ఈలోగా ఆటగాళ్లు రానే వచ్చారు. బెంగళూరు నుంచి కారులో ముగ్గురో నలుగురో. చేతిలో కుయ్ కుయ్ అనే పరికరం. రోడ్డు పక్కన బండలు కొడుతున్న దావీదును దారి అడిగారు. వాడు పని ఆపి, వాళ్ల వెంట కొండ మొదలు దాకా పోయి కాలిబాట చూపించి వచ్చాడు. ఊరంతా చూసింది. వాళ్లు ఇంటర్నెట్‌లో నన్ను మెచ్చుకుంటూ రాశారు. బ్రహ్మాండమైన చోటు, దారి చూపించిన పల్లె మనిషి ఎంత మంచివాడో అని రాశారు. అది చదివి, ఆఫీసులో అందరికీ చూపించి, కాలర్ ఎగరేశాను.

ఆ ఏడు వాన చుక్క లేదు. వేసిన వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. వరద పాశెం చేయాలని ఊరు తీర్మానం చేసింది. ఇంటికొక మగమనిషి కొండెక్కాలి. నాయనకు మోకాళ్ల నొప్పులు, ఎక్కలేడు. నేను వచ్చాను. కుండ భుజాన పెట్టుకుని ఊరివాళ్లతో పాటు ఎక్కాను. పైన ఏముందో తెలిసి ఎక్కాను. ప్రతి మలుపు దగ్గరా, ఇప్పుడు చెప్పేయ్, ఇప్పుడు చెప్పేయ్ అని లోపల ఎవరో పొడుస్తూనే ఉన్నారు. ఒగరుస్తూ ఎక్కేవాడికి నోరెక్కడ పెగులుతుంది అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

బండ చూశారు. ముందు ఒకరిద్దరు వంగి పగులు తడిమారు. తర్వాత ఒకేసారి అందరూ మాట్లాడారు. మా పక్క కొండల్లో రాజుల కాలం నిధులున్నాయని గునపాలు పట్టుకుని తిరిగేవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లే. బండ పగిలిందంటే నిధి కోసం పగలగొట్టారనే అర్థం. మావాళ్లకు ఇంకో ఆలోచన రాదు. పొదలో గడ్డపార దొరికింది. అతుకు చూశారు. కారులో వచ్చినవాళ్లు గుర్తొచ్చారు, వాళ్ల చేతిలో అరిచిన మిషను గుర్తొచ్చింది, దారి చూపించిందెవరో గుర్తొచ్చింది. దావీదు కొండ కింది నుంచి నెత్తిన కట్టెల మోపుతో అప్పుడే పైకి వస్తున్నాడు.

ఎవరూ వంట మొదలుపెట్టలేదు. అందరూ కిందికి దిగారు. బడి ముందర కూర్చున్నారు. ఊరి పెద్దాయన గడ్డపార నేలమీద పెట్టించి, దావీదును ముందుకు రమ్మన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తప్పించుకోవడానికి వాడికి ఒక దారి ఆయనే చూపించాడు.

"ఇది నీదే కదరా?"

"నాదే అన్నా."

"ఊర్లో అందరికీ ఇస్తాంటావు. కడాకు ఎవురికిచ్చింటివో చెప్పు. ఆ మనిషినే అడుగుతాం."

దావీదు వెంటనే నా పేరు చెప్పలేదు. నావైపు చూశాడు. నేను చెబుతానని చూశాడు. ఇప్పటికీ ఆ చూపులో కోపం వెతుకుతాను, ఉండి ఉంటే బాగుండునని. లేదు. నేను నోరు తెరుస్తానన్న నమ్మకం తప్ప అందులో ఇంకేం లేదు. పెద్దాయన రెట్టించాడు. వాడు తలొంచుకుని అన్నాడు.

"అప్పకిచ్చింటిని అన్నా. కంచె గుంజలకని తీసకపోయిండె. నువ్వు చెప్పప్పా."

అందరూ నన్ను చూశారు. ఆఫీసులో చూసినట్టే, అంతే శ్రద్ధగా.

"తీసకపోయింటి" అన్నాను. "ఆ పొద్దే తెచ్చి మీ ఇంటి గోడకు ఆనిచ్చిపెడితిని కదరా. గ్యాపకం లేదా నీకు?"

దావీదు నన్నే చూస్తూ ఉన్నాడు. తర్వాత ఎవరూ అనుకోని మాట అన్నాడు.

"పెట్టింటావులేప్పా. నేనే సూసుకోలేదేమో."

అంతే. పంచాయితీ అక్కడికి అయిపోయింది.

ఆ నిమిషాన్ని ఎన్నిసార్లు తిరగేశానో. ఎందుకన్నాను ఆ మాట? పోలీసులంటే భయమా? ఒక పొర పగిలినందుకు ఎవరు జైల్లో పెడతారు? బెంగళూరు ఉద్యోగస్తుడు డబ్బాలాట కోసం దేవుడి బండ పగలగొట్టాడంట అని ఊరు నవ్వుతుందని, నాయనకు తల కొట్టేసినట్టవుతుందని భయపడ్డాను. నిజమే. కానీ భయం ఒక్కటే అయితే నీళ్లు నమిలేవాణ్ని, తడబడేవాణ్ని. నేను తడబడలేదు. ఎందుకంటే నా మాటా వాడి మాటా పక్కపక్కన పెడితే ఊరు ఎవరి మాట తీసుకుంటుందో నాకు తెలుసు. నేను ఏ ఇంటివాణ్నో, వాడు ఏ ఇంటివాడో నాకు తెలుసు. ఆ లెక్క నేర్చుకోనక్కర్లేదు, బండ పై అంచున వంగినప్పటి నుంచీ నాకు వచ్చు. వాడి మీదికి తోస్తే నిలబడుతుందని తెలిసే తోశాను. ఇది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

మరి వాడెందుకు ఒప్పుకున్నట్టు అన్నాడు? నన్ను కాపాడాడా? లేక వాడికీ అదే లెక్క వచ్చా? నన్ను అబద్ధాలకోరు అంటే వాడికి ఇంకా కీడవుతుందని తెలుసా? కాపాడాడనుకుంటే నాకు ఏడుపొస్తుంది. లెక్క తెలిసి అన్నాడనుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. రెండింట్లో ఏదని వాణ్ని నేను అడగలేదు.

కొట్టలేదు వాణ్ని. కొట్టలేదని నేను ఊపిరి పీల్చుకున్నాను, నా బతుకు చూడండి. ఊరి పనులకు పిలవగూడదు, కొండ ఎక్కగూడదు అన్నారు. అంతే. ఆ 'అంతే'తో ఒక మనిషి కూడు పోతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

ఇంటికి పోయాను. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు. మా చేనికి కంచె లేదని, గుంజలు లేవని ఆయనకు తెలియకుండా ఉంటుందా? అన్నం తిన్నాడు, పడుకున్నాడు. పొద్దున్నే లేచి చూస్తే ఇంట్లో లేడు. చేను దగ్గరికి పోయాను. ఆ మోకాళ్లతో, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన గడ్డపారతో, ఎండిన గట్టు వెంబడి గుంతలు తీస్తున్నాడు. పక్కన అప్పుడే నరికిన తుమ్మ గుంజలు.

"ఏం చేస్తాండావు నాయనా?"

"కంచె ఏస్తాండా. గుంజలు పాతినానని ఊరికి చెప్పి వస్తివి కదా" అన్నాడు. తలెత్తి నా మొహం చూడలేదు.

అప్పుడైనా ఆయన చేయి పట్టుకుని ఆపి, పెద్దాయన ఇంటికి పోదాం పద అని ఉండాల్సింది. నేను గుంజ నిలబెట్టి పట్టుకున్నాను. ఆయన మట్టి పూడ్చి తొక్కాడు. సాయంత్రానికి నా అబద్ధం నిజమైంది. ఆ తర్వాత ఆయన పోయేదాకా మేమిద్దరం దావీదు పేరు ఎత్తలేదు. ఇంట్లో ఎవరైనా ఎత్తితే ఆయన లేచి వెళ్లిపోయేవాడు.

మూడోనాడు పగులులో మట్టీ పేడా మెత్తి పాశెం పోశారు. నేనూ చేతులు వెనక్కి కట్టుకుని వంగాను. పాశెం వాలుకు జారుతూ పోయి పగులు దగ్గర ఆగింది. మట్టి తడిసి, లోపలికి ఇంకిపోయింది. కింది అంచు పొడిగానే ఉండిపోయింది. ఎట్లాగూ ఆ అంచున ఎవరూ లేరు. దావీదు వాళ్లు ఎవరూ ఆ పొద్దు కొండ ఎక్కలేదు.

వాన రాలేదు. అది కూడా వాడి ఖాతాలోకే పోయింది. బండ పగలగొట్టినోడి పాపం అన్నారు. నేను బెంగళూరులో ఫోన్లో విని "అట్లనా" అన్నాను. దసరా రాకముందే దావీదు పెళ్లాన్నీ చంటిబిడ్డనూ తీసుకుని హిందూపురం వెళ్లిపోయాడని నాయన కాకుండా వేరెవరో చెప్పారు.

కొన్నేళ్ల తర్వాత నా పెళ్లి పనుల మీద హిందూపురం పోయాను. స్టేషను బయట టీ అంగడి దగ్గర వెనక నుంచి "ఏమప్పా, బాగుండావా?" అన్న మాట వినిపించింది. తిరగకుండానే ఎవరో తెలిసింది. దావీదే. కాస్త బక్కచిక్కాడు. పరిగి పోయే దారిలో బండలు కోసే మిషను దగ్గర పని చేస్తున్నాడంట. మాటలో కన్నడం కలిసింది. నాకు టీ చెప్పాడు. మా నాయన ఆరోగ్యం అడిగాడు. బిడ్డ బడికి పోతోందని చెప్పాడు. ఊరి సంగతి ఒక్కటి కూడా అడగలేదు. టీ సగం తాగాక, గ్లాసులోకి చూస్తూ మామూలుగా అడిగాడు.

"అప్పా, దొరరాయి కట్టలో ఒక పెట్టె ఉండె కదా. దాంట్లో ఏముండె?"

ఊరు వదిలే ముందు రోజు కొండెక్కాడంట. దేనికోసం తనను తరిమేస్తున్నారో ఒకసారి కళ్లారా చూద్దామని. కట్టలో ఒక రాయి తిరగబడి ఉంటే తీశాడంట. లోపల పెట్టె. తెరవలేదంట. మనది కానిది మనకెందుకని మళ్లీ లోపల పెట్టి, రాయి సరిగ్గా ఆనించి దిగి వచ్చేశాడంట. అప్పటి నుంచీ ఒక్కటే ఆలోచన, అందులో ఏముండెనా అని. ఇవన్నీ వాడు నవ్వుతూ చెప్పాడు.

అంటే అంతా తెలుసు. అప్పుడే తెలుసు. ఆ పెట్టె తెచ్చి పెద్దాయన ముందు పెట్టి ఉంటే చాలు, లోపలి కాగితం మీద మొదటి పేరు నాదే, ఊరంతా నా వైపు తిరిగేది. తేలేదు. ఇన్నేళ్ల తర్వాత వాడు నన్ను అడిగింది న్యాయం కాదు, క్షమాపణ కాదు. ఒక చిన్న ప్రశ్న. ఎవరూ లేరు అక్కడ. ఊరు లేదు, నాయన లేడు, పంచాయితీ లేదు. వాడూ నేనూ, రెండు టీ గ్లాసులు. నిజం చెప్పడానికి దేవుడు అంతకన్నా సులువైన చోటు ఇవ్వగలడా?

"ఏ పెట్టె?" అన్నాను.

దావీదు నన్ను చూసి, "ఏంలేదులేప్పా" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, పని ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

ఊళ్లో చెప్పిన అబద్ధానికి భయమనో వయసనో ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను? మీకు తెలిస్తే చెప్పండి. నాకు దొరకలేదు.

ఆ వారమే ఊరికి పోయి, కొండెక్కి, ఆ పెట్టె తెచ్చేశాను. ఇంటర్నెట్‌లో దాని పేరు తీసేశాను. ఇప్పుడది మా ఇంట్లో పాత బట్టల వెనక ఉంది. నా భార్యకు కూడా తెలియదు. నాయన వేసిన కంచె ఇంకా ఉంది. ఒకటి రెండు గుంజలు చెదలు తిన్నా, మిగతావి గట్టిగానే ఉన్నాయి. పాశెం బండ పగులులో గడ్డి మొలుస్తోంది. హిందూపురం ఇక్కడి నుంచి రైల్లో ఎంతసేపు? టికెట్టు తీసుకుని కూర్చుంటే చాలు. తీసుకోలేదు. తీసుకుంటానని మీకు మాటివ్వను. ఇచ్చిన మాటలు నా దగ్గర ఎట్లా ఉంటాయో మీరు చూశారు కదా.

నన్ను క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? అది వద్దు. టీ అంగడి దగ్గర నోట్లోనే మిగిలిపోయిన జవాబు ఒకటుంది. దాన్ని మాత్రం బయట పెట్టనివ్వండి. వాడు వినకపోయినా, ఒక్కసారి పైకి చెప్పుకుంటాను.

ఆ పెట్టెలో ఏముండె అని అడిగితివి కదా. ఒక పెన్ను. పేర్లు రాసుకునే కాగితం. బెంగళూరులో కొన్న తాళాల గుత్తి. పిల్లలాడుకునే బొంగరం. మన ఊరి గుర్తుగా ఉండనీలే అని ధర్మవరంలో తీసుకున్న ఎర్ర పట్టునూలు, చిన్న చుట్ట. అంతే. ఇంకేమీ లేదు. దానికే నువ్వు ఊరు వదిలితివి.

నిన్ను ఎప్పుడూ 'రా' అనే పిలిచినాను. ఆ పొద్దు బడి ముందర అందరూ నన్ను చూస్తాంటే నేను చెప్పాల్సిన మాట ఇది. దావీదప్పా, గడ్డపార నువ్వు నాకే ఇచ్చింటివి. నేను తిరిగి తెచ్చియ్యలేదు.